మూడు లక్షల్లో సోలో కచేరీకి ఒక్క రూపాయి కూడా పెట్టకండి

రాజమహేంద్రవరం నుంచి ఒక తల్లిగారు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ళ అమ్మాయికి పందొమ్మిదేళ్ళు. పదేళ్ళుగా కర్ణాటక వయొలిన్ నేర్చుకుంటోంది, డిప్లొమా పూర్తయింది, డిగ్రీ రెండో సంవత్సరంలో ఉంది. చేతిలో విద్య ఉందని గురువుగారు అంటున్నారు. అమెరికాలో ఉన్న మేనమామ మూడు లక్షలు ఇస్తానన్నారు. ఆ డబ్బుతో హాలు తీసుకుని ఘనంగా సోలో కచేరీ పెట్టించాలా, ఖరీదైన వయొలిన్ కొనాలా, చెన్నై పంపించాలా అన్నది వారి సందేహం.

అమ్మా, ముందు సూటిగా చెబుతాను. సోలో కచేరీ ఇప్పుడు వద్దు. చెన్నై ఇప్పుడే వద్దు, డిగ్రీ అయ్యాక ఆలోచించవచ్చు. వాద్యానికి కొంత పెట్టండి, కానీ డబ్బంతా దానికే పోయకండి. మిగిలినదంతా అమ్మాయి వచ్చే రెండేళ్ళలో వీలైనన్ని ఎక్కువసార్లు పక్కవాద్యం వాయించేలా, అంటే పాడేవారి పక్కన కూర్చుని వాళ్ళ పాటకు తోడుగా వయొలిన్ వాయించేలా చేయడానికి ఖర్చు పెట్టండి. ముప్పై ఐదేళ్ళకు పైగా పక్కవాద్యం వాయిస్తూ, పిల్లలకు నేర్పుతూ ఉన్నాను. వయొలిన్ పట్టిన పిల్లలు ఈ వయసులో ఎందుకు ఎదుగుతారో, ఎందుకు ఆగిపోతారో దగ్గరగా చూశాను కాబట్టి ఇంత గట్టిగా అంటున్నాను.

కర్ణాటక సంగీతంలో వయొలిన్ విద్వాంసుల బతుకు తొంభై పాళ్ళు గాత్రం పక్కనే గడుస్తుంది. పేరు వచ్చేదీ, నెలకు నాలుగు డబ్బులు చేతికందేదీ అక్కడే. సోలో వాయించేవారు కూడా ఎక్కువమంది పక్కవాద్యంలో నిలదొక్కుకున్నాకే అటు వెళ్ళారు. విజయనగరం ఆడపడుచు అవసరాల కన్యాకుమారిగారినే చూడండి. ఎం.ఎల్. వసంతకుమారిగారి పక్కన ఏళ్ళ తరబడి వాయించారు. 2016లో ఆమెకు మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు దక్కింది. ఆ బిరుదు వెనుక ఎన్ని వందల కచేరీల్లో ఇంకొకరి ఆలాపనను వెంటాడి పట్టుకున్న చెవి ఉందో ఆలోచించండి.

పక్కవాద్యం ఇంట్లో కూర్చుని సాధన చేస్తే రాదు. గాయకులు ఆ సాయంత్రం ఏ రాగం ఎత్తుకుంటారో తెలియదు. ఆలాపనలో వారి వెంట నీడలా నడవాలి, వారు ఆపినచోట మన వంతు అందుకోవాలి, నెరవల్‌లో, అంటే పాటలోని ఒకే పంక్తిని రకరకాలుగా పాడేటప్పుడు, సాహిత్యం విరగకుండా చూసుకోవాలి, స్వరకల్పనలో, అంటే అప్పటికప్పుడు సరిగమలు అల్లేటప్పుడు, ఎత్తుగడ (తాళంలో ఆ పంక్తి మొదలయ్యే చోటు) తప్పకుండా తిరిగి రావాలి. ఇదంతా మనుషుల మధ్య, తప్పులు చేస్తూ నేర్చుకోవలసిన విద్య. పందొమ్మిది నుంచి ఇరవై నాలుగు మధ్య పొరపాట్లు చేస్తే పెద్దలు చిన్నపిల్ల కదా అని సర్దుకుంటారు. ముప్పై దాటాక అవే పొరపాట్లు చేస్తే మళ్ళీ పిలవరు.

నా చేతిలో జరిగిన తప్పు ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ళ కిందట నా దగ్గర ఒక అబ్బాయి ఉండేవాడు. కమాను పట్టు చూస్తే ముచ్చటేసేది. పోటీలంటే వాడికీ, వాడి తండ్రికీ, నిజం చెప్పాలంటే నాకూ ఉత్సాహం. మూడేళ్ళలో పద్నాలుగు బహుమతులు తెచ్చాడు. పోటీకి కావలసినవి రెండు వర్ణాలు (కచేరీ మొదట్లో వాయించే రచనలు), నాలుగైదు కృతులు, ముందుగా రాసుకుని బట్టీ పట్టిన స్వరాలు. వాటినే మెరుగుపెట్టించాను. ఇరవయ్యో ఏట ఒక మంచి గాయకుడి పక్కన మొదటిసారి కూర్చున్నాడు. ఆయన రీతిగౌళ ఎత్తుకున్నారు. అబ్బాయికి ఆ రాగంలో ఒక్క కృతి వచ్చు, రాగాన్ని సొంతంగా విస్తరించి వాయించడం మాత్రం రాదు. తరవాత మిశ్రచాపు తాళంలో స్వరాలు మొదలుపెట్టేసరికి ఎత్తుగడ దొరక్క రెండుసార్లు కమాను ఆపేశాడు. గాయకుడు పల్లెత్తు మాట అనలేదు. కానీ వాడు ఇంటికి వెళ్ళి వయొలిన్ పెట్టెలో పెట్టి రెండేళ్ళు తియ్యలేదు. ఇప్పుడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్నాడు, సంతోషంగానే ఉన్నాడు. నేను మాత్రం ఆ సాయంత్రం మరిచిపోలేదు. ఆ మూడేళ్ళలో నెలకు ఒక్కసారైనా వాణ్ణి ఎవరో ఒక గాయకుడి పక్కన కూర్చోబెట్టి ఉంటే కథ వేరేగా ఉండేది.

అందుకే మీరు అనుకున్న సోలో కచేరీ వద్దంటున్నాను. హాలు, మైకు, వీడియో, భోజనాలు, ముఖ్య అతిథి, శాలువాలు అన్నీ కలిపితే లక్షన్నర సునాయాసంగా దాటుతుంది. వచ్చేవాళ్ళు బంధువులు. మర్నాటి నుంచి ఆ అమ్మాయిని కచేరీకి పిలిచేవాళ్ళు ఆ హాల్లో ఒక్కరూ ఉండరు. ఆరు నెలలు ఆ కచేరీ పాటల పట్టికనే పట్టుకుని సాధన చేస్తుంది కాబట్టి కొత్త కృతులూ రావు.

ఇక డబ్బు సంగతి. నేనైతే ఆ మూడు లక్షల్ని ఇలా వాడతాను. వాద్యానికి, కమానుకు తొంభై వేలు. నెలకు రెండు ఆదివారాలు మృదంగం వాయించే కుర్రవాణ్ణి ఇంటికి పిలిపించి, ఒక యువ గాయని పక్కన అమ్మాయి వాయించే ఏర్పాటుకు, మృదంగానికి పూటకు పదిహేను వందల చొప్పున రెండేళ్ళకు డెబ్బై రెండు వేలు. నెలకొకసారి విశాఖకో విజయవాడకో వెళ్ళి పక్కవాద్యంలో తలపండిన వారి దగ్గర కూర్చుని రావడానికి యాభై వేలు. కచేరీలు జోరుగా జరిగే డిసెంబరులో, రెండేళ్ళూ చెన్నై వెళ్ళి కొన్నాళ్ళు ఉండడానికి నలభై వేలు. మిగిలిన నలభై ఎనిమిది వేలు తీగలు, మరమ్మతులు, అవసరమైతే వైద్యం కోసం పక్కన పెట్టండి. ధరలు ఊరిని బట్టి అటూ ఇటూ కావచ్చు, పాళ్ళు మాత్రం మార్చకండి.

ఆదివారాల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అసలు ఫలితం అక్కడే వస్తుంది. మీ ఊళ్ళో, చుట్టుపక్కల అమ్మాయి ఈడు గాయని ఒకరు తప్పకుండా ఉంటారు. ఆ పిల్లకూ వయొలిన్ పక్కవాద్యం దొరకదు, మీ పిల్లకూ గాత్రం దొరకదు. ఇద్దరినీ కలపండి. నా శిష్యురాలు ఒకమ్మాయి ఇలాగే తన ఈడు గాయనితో నాలుగేళ్ళు ఆదివారాలు కూర్చుంది. మొదట్లో వర్ణం నుంచి కచేరీ ముగింపు పాట మంగళం దాకా గంటన్నర. ఏ రాగం పాడబోతోందో గాయని ముందు చెప్పకూడదని నేను నియమం పెట్టాను. ఫోనులో రికార్డు చేసి, తరవాత ఇద్దరూ విని, ఎక్కడ జవాబు పొడుగైపోయిందో, ఎక్కడ గాత్రాన్ని కమాను మింగేసిందో రాసుకునేవారు. ఇప్పుడు వాళ్ళిద్దరినీ జంటగా పిలుస్తున్నారు. పెద్ద విద్వాంసులు కూడా చాలామంది ఇలా తమ ఈడు వాళ్ళతో కలిసి పెరిగినవాళ్ళే.

ఈ కూర్చోవడాలు ఎదురెదురుగానే జరగాలి. ఫోనులోనో కంప్యూటర్‌లోనో ఇద్దరూ కలిసి వాయించడం కుదరదు. శబ్దం అవతలికి చేరడానికి పట్టే ఆ కాస్త ఆలస్యానికే తాళం చెదిరిపోతుంది. కృతి పాఠం చెప్పించుకోవడానికి ఆన్‌లైన్ తరగతులు పనికొస్తాయి, కమాను నాదం మాత్రం వాటిలో సరిగా వినపడదు.

కృతులు వాయించేముందు పాడించండి. తెలుగు పిల్లలకు ఇది పెద్ద వరం, కానీ మనవాళ్ళే దాన్ని వాడుకోవడం లేదు. త్యాగయ్య, రామదాసు, అన్నమయ్య, క్షేత్రయ్య అందరూ ఎక్కువగా తెలుగులోనే రాశారు. మాట ఎక్కడ ముగుస్తుందో తెలిస్తేనే కమాను ఎక్కడ తిప్పాలో తెలుస్తుంది. చెన్నై పిల్లలు కష్టపడి అర్థం రాయించుకుని నేర్చుకుంటున్నది మీ అమ్మాయికి పుట్టుకతో వచ్చింది. రెండేళ్ళలో మూడు వందల కృతులు సాహిత్యంతో నోటికి రావాలని లక్ష్యం పెట్టుకోమనండి. పంచరత్నాలు సరే, జావళీలు, పదాలు, తరంగాలు, తిల్లానాలు కూడా అందులో ఉండాలి. కచేరీ చివర్లో గాయకులు అడిగేవి అవే.

వాద్యం గురించి అడిగారు. ఇప్పుడున్న వయొలిన్ ఎలాంటిదో రాయలేదు. ముందు దాన్ని చెన్నైలో మంచి మరమ్మతుదారుకు చూపించండి. బ్రిడ్జి ఎత్తు సరిచేసి, లోపల పై చెక్కకూ కింది చెక్కకూ మధ్య నిలబడే చిన్న కర్రను, అదే నాదస్తంభాన్ని, సరైన చోట నిలబెట్టి, మంచి తీగలు వేసి, కమానుకు కొత్త వెంట్రుకలు కట్టిస్తే సాధారణ వాద్యం కూడా చాలా మారుతుంది. అప్పటికీ చాలదనిపిస్తేనే కొత్తది. కొనేటప్పుడు గురువుగారిని వెంట తీసుకువెళ్ళండి, అమ్మాయినే వాయించి చూడమనండి. లోపల చీటీ మీద స్ట్రాడివేరియస్ పేరు, పదిహేడు వందల నాటి సంవత్సరం కనిపిస్తే మోసపోకండి. ఐరోపాలో కర్మాగారాల్లో వేలకొద్దీ చేసిన వాటిలో కూడా ఆ చీటీ అంటించేవారు. గోదావరి జిల్లాల తేమకు జిగురు విడిపోయి అంచులు తెరుచుకుంటాయి, పెట్టెలో తేమ పీల్చే సంచులు ఉంచండి. వాయించడం అయ్యాక కమాను మర వదులు చేయడం చిన్నపనే, దాన్ని మరిచిపోయి కర్ర వంగిపోయిన కమానులు ఎన్నో చూశాను.

పక్కవాద్యానికి ఇంకో చిక్కు ఉంది. పాటకు ఆధారంగా పెట్టుకునే స్థాయిని శ్రుతి అంటాం, అంకె పెరిగేకొద్దీ స్థాయి పెరుగుతుంది. మగవారు ఒకటి, ఒకటిన్నర శ్రుతిలో పాడితే ఆడవారు ఐదు, ఐదున్నరలో పాడతారు. ఒకే తీగల్ని అంత కిందికి దించితే సడలిపోయి నాదం పోతుంది, అంత పైకి బిగిస్తే తెగుతాయి. అందుకే చాలామంది రెండు వయొలిన్లు ఉంచుకుంటారు. మీ అమ్మాయికి రెండోది మామూలుదైనా చాలు, మందమైన తీగలు వేసి మగవారి శ్రుతికి ఉంచుకోవచ్చు. తొంభై వేలు ఎందుకన్నానో ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఒకే వాద్యానికి మూడు లక్షలు పోస్తే ఈ రెండోది ఉండదు.

నా మొదటి కచేరీలో ఈ శ్రుతి విషయంలోనే చెమటలు పట్టాయి. నాకు పదిహేడేళ్ళు. దివిసీమలో ఒక ఊరి రామాలయం, శ్రీరామనవమి పందిరి. గాయకులు రెండో శ్రుతి అని కబురు చేశారు, తీరా వేదిక ఎక్కాక గొంతు బాగోలేదని ఒకటిన్నర అన్నారు. తీగలు దించుతుంటే బిరడ జారి ఒకటి పూర్తిగా వదులైపోయింది. పందిరి నిండా జనం. ఆ పెద్దాయన నా వంక ఒకసారి చూసి, వర్ణం ఎత్తుకోకుండా ఒక శ్లోకం అందుకుని రాగమాలికగా నాలుగైదు నిమిషాలు పాడారు. ఆలోగా నా తీగ కుదురుకుంది. మోహన ఆలాపన వచ్చినప్పుడు ఆయన వాయించమని చెయ్యి చూపితే, ఉత్సాహం పట్టలేక ఆయన పాడినదానికంటే ఎక్కువసేపు వాయించాను. ఆయన వేదిక మీద ఏమీ అనలేదు. రాత్రి అరటాకులో పులిహోర తింటూ, గాయకుడు పాడినదాంట్లో సగం నిడివిలో జవాబు ముగిస్తే వినేవాళ్ళు ఇంకా కావాలనుకుంటారని చెప్పారు. ఆ రాత్రి నాకు యాభై రూపాయలు ఇచ్చారు. అక్కడ నేర్చుకున్నది ఏ పరీక్షలోనూ రాలేదు. మీ అమ్మాయికి ఇలాంటి పందిళ్ళు కావాలి. దసరా నవరాత్రులు, శ్రీరామనవమి, పుష్య బహుళ పంచమికి ఊరూరా జరిగే త్యాగరాజ ఆరాధనలు, ఏదీ చిన్నదని వదలవద్దు.

చెన్నై సంగతి. అక్కడ ఉన్న అసలు లాభం గురువుల పేర్లు కాదు, గాయకుల సంఖ్య. డిసెంబరులో రోజుకు డజన్ల కొద్దీ కచేరీలు, అన్నింటికీ వయొలిన్ కావాలి. కానీ ఎవరినీ తెలియకుండా వెళ్ళిన పిల్ల అద్దెగదిలో ఒంటరిగా సాధన చేసుకుంటూ ఉండిపోతుంది. ఈ డిసెంబరులో పది రోజులు వెళ్ళి రండి. చాలా సభల్లో మధ్యాహ్నం కచేరీలకు టిక్కెట్టు ఉండదు, వాయించేది ఎక్కువగా యువకళాకారులే. అమ్మాయి తన ఈడు వాళ్ళు ఎలా వాయిస్తున్నారో చూసి, తను ఎక్కడుందో తనే తెలుసుకుంటుంది. మ్యూజిక్ అకాడమీలో ఉదయం జరిగే సోదాహరణ ప్రసంగాలు వదలకండి. వచ్చే ఏడు వెళ్ళేసరికి అక్కడ ఇద్దరు ముగ్గురు గాయనులు పరిచయమై ఉంటే, డిగ్రీ తరవాత రెండేళ్ళు అక్కడ ఉండడానికి అర్థం ఉంటుంది.

మేనమామగారి డబ్బు కాక వేరే దారులూ ఉన్నాయి. కేంద్ర సాంస్కృతిక శాఖ పద్దెనిమిది నుంచి ఇరవై ఐదేళ్ళ యువ కళాకారులకు నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేళ్ళు ఉపకార వేతనం ఇస్తుంది. గురువు దగ్గర కనీసం ఐదేళ్ళు నేర్చుకుని ఉండాలి. మీ అమ్మాయికి ఆ అర్హత ఉంది, ఈ ఏడే దరఖాస్తు పెట్టండి. ఆకాశవాణి సంగీత పోటీ పదహారు నుంచి ఇరవై నాలుగేళ్ళ వారికి జరుగుతుంది. పోటీల మీద నాకు మోజు పోయింది కానీ ఈ ఒక్కదానికి అమ్మాయి పేరు ఇవ్వండి. దానితోపాటు ఆకాశవాణి ఆడిషన్‌కు కూడా సిద్ధం కావాలి. ఆకాశవాణి కళాకారులకు ఇచ్చే శ్రేణుల్లో తొలిమెట్టు అయిన బి గ్రేడు వచ్చినా సరే, సభలవారు పిలిచేటప్పుడు మొదట అడిగేది అదే.

ఆకాశవాణి పేరెత్తితే మనసు కాస్త బరువెక్కుతుంది. ఒకప్పుడు నిలయ విద్వాంసుల ఉద్యోగం, అంటే ఆకాశవాణి కేంద్రం జీతమిచ్చి పెట్టుకునే కళాకారుల ఉద్యోగం, వయొలిన్ వాద్యకారులకు పెద్ద అండ. అన్నవరపు రామస్వామిగారు విజయవాడ కేంద్రంలో అలా ఏళ్ళ తరబడి పనిచేశారు. రోజూ ఎవరో ఒకరి పక్కన వాయించడం, నెల తిరిగేసరికి జీతం. ఇంకా వెనక్కి వెళ్తే 1919లో విజయనగరం సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరదామని వెళ్ళిన ద్వారం వెంకటస్వామినాయుడుగారిని, ఆయన వాద్యం విని, ఇరవై ఆరేళ్ళ వయసులో అక్కడే ఆచార్యుడిగా నియమించారు. ఆయన్ను నిలబెట్టింది ఒక సన్మానం అనుకోను. నిలకడగా వచ్చే జీతం, రోజూ సంగీతంలోనే గడిచే పగళ్ళు. ఇప్పుడు నిలయ విద్వాంసుల భర్తీ దాదాపు ఆగిపోయింది. ఆ ఖాళీని ఎవరో ఒకరు పూడ్చకపోతే మన పిల్లలు ఇరవై రెండేళ్ళకే వయొలిన్ పక్కన పెట్టేస్తారు.

అందుకని మేనమామగారికి నా మాటగా ఒకటి చెప్పండి. ఆయన తరవాత కూడా ఏదైనా చేయాలనుకుంటే, మీ ఊరి గానసభకు ఏడాదికి పన్నెండు చిన్న కచేరీలకు పక్కవాద్యాల పారితోషికం ఇస్తానని మాటివ్వమనండి. ఒకటే షరతు పెట్టమనండి: వయొలిన్, మృదంగం వాయించినవారికి వేదిక దిగిన వెంటనే డబ్బు చేతికివ్వాలి, రానుపోను ఖర్చులు విడిగా ఇవ్వాలి. శాలువా కప్పి, జ్ఞాపిక ఇచ్చి, బస్సు ఛార్జీ కూడా ఇవ్వకుండా పంపిన సభలు నాకు తెలుసు. ఆ రాత్రి బస్‌స్టాండులో వయొలిన్ పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న పిల్లవాడికి జ్ఞాపిక మీద ఏం చెక్కారో చదవాలనిపించదు.

ఆడపిల్లల విషయంలో ఇంకో మాట. నా శిష్యురాళ్ళలో చేతిలో నిజమైన విద్య ఉన్నవాళ్ళు ఐదుగురు. ఇద్దరే ఇప్పటికీ వాయిస్తున్నారు. మానేసిన ముగ్గురికీ విద్య తక్కువై కాదు. కచేరీ రాత్రి తొమ్మిదిన్నరకు ముగుస్తుంది, తిరిగి ఎలా రావాలో ఎవరూ ఆలోచించలేదు. పెళ్ళి సంబంధాలు చూసేటప్పుడు వాయించడం కొనసాగుతుందని ఎవరూ మాట తీసుకోలేదు. అమ్మాయి వెంట కచేరీలకు ఎవరు వెళ్తారో ఇప్పుడే ఇంట్లో తేల్చుకోండి. సభవారు పిలిచినప్పుడు తిరుగు ప్రయాణం సంగతి అడగడానికి మొహమాటపడకండి.

ఒంటి సంగతి క్లుప్తంగా. మనవాళ్ళు నేలమీద బాసిపట్టు వేసుకుని, వయొలిన్ తలను కుడి పాదం మీద ఆనించి వాయిస్తారు. నడుము వంగిపోతే రెండేళ్ళలో నొప్పి మొదలవుతుంది. ముప్పావు గంటకు ఒకసారి లేచి నడవమనండి. ఆడిషన్ దగ్గరపడిందని రోజుకు ఆరు గంటలు వాయించి, ఎడమ భుజం పట్టేసి నాలుగు నెలలు కమాను ముట్టలేకపోయిన పిల్లను చూశాను. నొప్పి ఉంటే సాధన ఆపి వైద్యుణ్ణి కలవాలి, ఓర్చుకోమని ఏ గురువు చెప్పినా వినవద్దు.

గురువుగారి విషయంలో ఒక జాగ్రత్త. నెలకొకసారి వేరేవారి దగ్గర కూర్చోవడానికి ముందు ఆయన అనుమతి తీసుకోండి. పదేళ్ళు నేర్పిన మనిషి, ఆయనకు తెలియకుండా చేస్తే నొచ్చుకుంటారు. ఎవరి దగ్గరకు వెళ్ళాలో ఆయన్నే అడిగితే ఇంకా మంచిది.

ఇక ఈ వారం చేయవలసినవి. అమ్మాయికి సాహిత్యంతో సహా వచ్చిన కృతుల జాబితా రాగం, తాళం వేసి రాయించండి. ఆ జాబితాలో లేని పెద్ద రాగాలు ఏవో మీకే కనపడతాయి. కమానుకు వెంట్రుకలు కట్టించి ఏడాది దాటితే మార్పించండి. వచ్చే ఆదివారం ఉదయం తొమ్మిదికి మృదంగం అబ్బాయినీ, మీకు తెలిసిన గాయని పిల్లనూ ఇంటికి పిలవండి, టిఫిన్ పెట్టండి. ఏం పాడబోతోందో మీ అమ్మాయికి ముందు చెప్పవద్దని ఆ పిల్లతో అనండి. అయిపోయాక మృదంగం అబ్బాయికి ఆ పూటే డబ్బు చేతిలో పెట్టి పంపండి.